ఖాళీ చేసే ఇల్లు కడగడం

మా మేడమీద వాటాలో అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళాక, దాన్ని కడిగించడానికి మా ఆయన ఫోను చేసి ఎవరినో పిలిపించాడు. ఏలూరులో కూడా ఇప్పుడు ఇలాంటి మనుషులు దొరుకుతున్నారు. ఇద్దరు వచ్చారు. ఒకే రంగు చొక్కాలు, చేతులకు రబ్బరు తొడుగులు, ఆటోలో ఒక యంత్రం. మెట్ల మీద సీసాలు వరసగా పేర్చారు. నేలకొకటి, గోడ టైల్సుకొకటి, అద్దాలకొకటి, పంపులకొకటి, పొయ్యి గట్టు మీది జిడ్డుకొకటి, చివర్న ఇవన్నీ వాడాక వచ్చే వాసన పోవడానికి ఒకటి. ఆ ఆఖరిది చూసి ఊరుకోలేకపోయాను. "వాసన రానివి వాడితే అది కొనక్కర్లేదు కదయ్యా" అన్నాను. "ప్యాకేజీలో వస్తుంది మేడమ్" అన్నాడతను. మా అమ్మ దీనికి రెట్టింపు ఇంటిని కుంకుడుకాయలు, బట్టల సోడా, సున్నం, ఊక బూడిద, కాస్త కిరసనాయిలు, పాత పంచె గుడ్డలతో కడిగేదని చెప్పాను. అతను వినయంగా తలూపి, "ఊక బూడిద ఆన్‌లైన్‌లో దొరుకుతుందాండి?" అని అడిగాడు. మా ఆయన నావైపు తిరిగి, "నువ్వు కిందికి పద, వాళ్ళ పని వాళ్ళని చేసుకోనీ" అన్నాడు. దిగి వచ్చాను కానీ, పైనుంచి ఆ యంత్రం రొద వినబడుతున్నంతసేపూ తాడేపల్లిగూడెంలో మేమున్న ఇల్లూ, దాన్ని ఖాళీ చేసిన రోజూ కళ్ళముందు తిరుగుతూనే ఉన్నాయి.

తాడేపల్లిగూడేన్ని మేము గూడెం అనే అంటాం. నాన్నకి అక్కడ కరెంటాఫీసులో గుమస్తా ఉద్యోగం. అమ్మ దయామణి ఊరికి కాస్త దూరంలో ఎలిమెంటరీ స్కూలు టీచరు. ఆ ఇల్లు ఖాళీ చేసేనాటికి నేను డిగ్రీ చదువుతున్నాను, దేనికైనా ఎదురు మాట్లాడటం అప్పటికే నాకు బాగా వంటబట్టింది. మేము మిషను రోజుల నుంచీ చర్చికి వెళ్తున్న కుటుంబం, తాతగారి ఊరు కామవరపుకోట దగ్గర. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మా వైపు అద్దె ఇల్లు అడగడానికి వెళితే కులమేమిటని ఎవరూ మొహాన అడగరు. అది మర్యాద కాదు. "మీదే ఊరండీ" అంటారు. ఊరు చెప్తే "ఊళ్ళో ఎటువైపండీ" అంటారు. ఎటువైపో చెప్పాక "అలాగాండి, కూర్చోండి, మంచినీళ్ళు తాగుతారాండి" అంటారు. సాయంత్రానికల్లా వాళ్ళ బావమరిదో మేనల్లుడో ఆ ఇంట్లోకి రావడానికి బయల్దేరాడని కబురొస్తుంది. ఇంత మెత్తగా లేదనడం ఇంకెక్కడా చూడలేదు నేను. గొంతు పెంచి లేదంటే తిరిగి ఒక మాటనొచ్చు. చేతిలో మంచినీళ్ళ గ్లాసు పెట్టి లేదంటే ఏమంటాం, నీళ్ళు తాగి వచ్చేస్తాం.

అలా చాలా ఇళ్ళలో మంచినీళ్ళు తాగాక మాకు షావుకారు గారి ఇల్లు దొరికింది. ఆయనకి బజార్లో బియ్యం, కిరాణా కొట్టు. కొత్తగా కట్టిన గోడౌనుకి మీటరు కావాల్సి వచ్చి ఆఫీసు చుట్టూ తిరుగుతుంటే, ఏ కాగితం ఏ సీటులో ఇవ్వాలో నాన్న చెప్పారు. అంతే నాన్న చేసింది. మీటరు వచ్చింది, మాకు ఇల్లు వచ్చింది. ఆయన భార్య కాంతమ్మ గారికి అది నచ్చిందో లేదో ఎవరూ అడగలేదు. ఇల్లు వాళ్ళ ఇంటి వెనకే, ఒకే ప్రహరీలో ఉండేది. చిన్న వరండా, ఎర్ర గచ్చు పోసిన హాలు, రెండు గదులు, నాపరాళ్ళు పరిచిన వంటిల్లు, పెరట్లో బోరింగూ, కరివేపాకు చెట్టూ. రైసు మిల్లుల వైపు నుంచి గాలి తిరిగితే ఊక మసి నల్లటి నలుసులుగా వచ్చి ఆరేసిన బట్టల మీదా, కిటికీ చువ్వల మీదా, మూత పెట్టని పాల మీదా పడేది. గూడెంలో ఇల్లు శుభ్రంగా ఉంచాలంటే గాలితో పోట్లాట పెట్టుకోవాల్సిందే.

అమ్మ పెట్టుకుంది. ఆవిడ చదివింది మిషను బోర్డింగులో. పొద్దున్నే పక్క దుప్పటి ముడత లేకుండా ఉందా, గోళ్ళలో మట్టి ఉందా, చెవుల వెనక రుద్దుకున్నారా అని వార్డెన్ వరసగా చూసుకుంటూ వచ్చేదట. ఆ వార్డెన్ ఎప్పుడో పోయింది కానీ అమ్మ నెత్తిమీది నుంచి దిగలేదు. శనివారం వచ్చిందంటే ముందురోజు నానేసిన కుంకుడుకాయలు పిసికి నురగ తీయడం, అందులో గుప్పెడు సోడా కలపడం, కొబ్బరి పీచు తీసుకుని గడప దగ్గర కూర్చోవడం. గచ్చు కడిగాక తడిగుడ్డ, తడిగుడ్డ తర్వాత పొడిగుడ్డ. జల్లించిన ఊక బూడిదతో గిన్నెలు, చింతపండు పిప్పితో ఇత్తడి పంపు, కిరసనాయిలు చుక్క వేసిన గుడ్డతో కిటికీ చువ్వలు, పాత పేపరుతో అద్దాలు. పేపరు చదవడం ఆలస్యమైతే నాన్నకి ఆ రోజు వార్తలు కిటికీ మీదే. మధ్యాహ్నానికి ఇల్లంతా చేదు చేదుగా కుంకుడు వాసన, దాని వెనకే సన్నగా కిరసనాయిలు వాసన. ఆ రెండూ కలిస్తే నాకిప్పటికీ శనివారమే.

ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అమ్మ ఎండు చేప వండలేదు. వద్దని కాంతమ్మ గారు అనలేదు. "మాకేం పట్టింపు లేదండి, వాసనొక్కటే పడదు" అన్నారు, అంతే. ఎండు మెత్తళ్ళ పులుసు తినాలనిపిస్తే సెలవులకి అమ్మమ్మ గారి ఊరు వెళ్ళి తినేవాళ్ళం. ఆదివారం పచ్చి చేప వండినా తలుపేసే వండేది, వండగానే పొట్టంతా కాగితంలో చుట్టి నాన్న స్కూటరు మీద ఊరి చివరకి పట్టుకెళ్ళేవారు. చర్చి నుంచి వచ్చిన మంచి చొక్కాతో, డిక్కీలో చేప పొలుసులతో.

కాంతమ్మ గారు మనిషి మంచిదే. నాకు జ్వరం వస్తే మిరియాల చారు గిన్నె గడప మీద పెట్టి వెళ్ళారు. కానీ రోజూ ఏదో ఒక వేళప్పుడు కరివేపాకు కోసమని మా పెరట్లోకి వచ్చేవారు. వాళ్ళ పెరట్లో ఇంకో చెట్టుంది. రెండు రెబ్బలు తుంపుతూ కిటికీలోంచి వంటిల్లు చూసేవారు. పొయ్యి గట్టు, తూము, గిన్నెల స్టాండు, అన్నీ ఒక చూపులో అయిపోయేవి. అమ్మ "లోపలికి రండి, కాఫీ తాగుదురుగాని" అనేది. ఆవిడ "ఇప్పుడే తాగానండి" అనేవారు. అన్ని సంవత్సరాల్లో మా ఇంటికొచ్చిన ప్రతిసారీ ఆవిడ ఇప్పుడే తాగి ఉండేవారు. వెళ్ళబోతూ, "మీరు వేరండి టీచరు గారూ, మీ ఇల్లు చూస్తే మా ఇల్లు చూసినట్టే ఉంటుంది" అనేవారు.

ఆ మాటకి అమ్మ మొహం వెలిగిపోయేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

"వేరంటే ఏమిటమ్మా? ఎవరికంటే వేరు?" అన్నానొకసారి.

"మెచ్చుకున్నా ఏడుపేనా నీకు?"

"మనల్ని మెచ్చుకోలేదు. మనవాళ్ళందరినీ తిట్టి, అందులోంచి నిన్నొక్కదాన్ని తీసి పక్కన పెట్టింది."

"నువ్వు లా చదవాల్సింది. పోయి ఆ బకెట్టు తే" అంది అమ్మ.

నాన్నకి ఏలూరు బదిలీ అయింది. అమ్మ కూడా ప్రయత్నం చేసి ఏలూరు పక్క స్కూలుకి వేయించుకుంది. అదే సమయంలో విజయరాణి అనే టీచరు కొల్లేరు వైపు నుంచి గూడెం వచ్చింది. వయసులో అమ్మకంటే చాలా చిన్నది, అమ్మని అక్కా అనేది, నేను పిన్నీ అనేదాన్ని. భర్తకి కైకలూరులో చేపల మేత అమ్మే కొట్లో పని, ఆదివారాలు వచ్చి పోయేవాడు. ఇద్దరు ఆడపిల్లలు, చిన్నది ఇంకా బళ్ళో కూడా వేయనిది. ఇల్లు దొరక్క చర్చి వెనక గదిలో ఉంటున్నారు. ఆ గదిలో వాన కురిస్తే మంచం ఎటు జరపాలో తెలిసేది కాదు. పైగా చర్చి కన్వెన్షను సభలకి వచ్చే ప్రసంగీకులకి ఆ గది కావాలని పాస్టరు గారు మెల్లగా చెప్తున్నారు. "ఇంకో నెల చూస్తానక్కా. దొరక్కపోతే పిల్లల్ని మా అత్తగారి దగ్గర కొల్లేట్లో వదిలేసి, నేనొక్కదాన్నే ఎవరింట్లోనో సర్దుకుంటాను" అంది విజయ పిన్ని. చిన్నది రాత్రిళ్ళు తల్లి కొంగు పట్టుకుని గాని పడుకోదని కూడా ఆవిడే చెప్పింది, నవ్వుతూ. ఆ నవ్వు అమ్మకి నచ్చలేదు. మేము ఖాళీ చేసే ఇల్లు విజయకి ఇప్పించాలని ఆ రోజే అనుకుంది.

కాంతమ్మ గారిని అడిగింది కూడా. ఆవిడ కరివేపాకు తుంపుతూ, "చూద్దాంలెండి. ముందు ఇల్లు ఖాళీ కానివ్వండి. ఎలా ఉందో చూసుకుని, ఏ రిపేర్లు పడతాయో ఏమిటో, అప్పుడు చెప్తానండి" అన్నారు. నేను ఆ మాటని మంచినీళ్ళ గ్లాసు లెక్కలో వేశాను. అమ్మ మాత్రం అక్షరాలా తీసుకుంది. ఇల్లు ఎలా ఉందో చూసి చెప్తానంది కాబట్టి, ఎలా ఉండాలో అలా ఉంచి చూపించాలి.

"ఆవిడ ఇల్లు చూసి చెప్పదమ్మా. విజయ పిన్ని ఊళ్ళో ఎటువైపో చూసి చెప్తుంది" అన్నాను.

"మనకిచ్చింది కదా."

"మీటరుకిచ్చింది."

"మరి ఇన్నేళ్ళు ఉంచింది కదే. నేను శుభ్రంగా ఉంచబట్టి కాదూ?"

దీనికి నా దగ్గర జవాబుంది కానీ, అప్పటికే అమ్మ సున్నం నానబెట్టడానికి పాత డబ్బా వెతుకుతోంది. అమ్మతో వాదనలో గెలవకపోవడానికి ఎప్పుడూ ఇదే కారణం. మధ్యలో పని మొదలుపెట్టేస్తుంది.

ఇల్లు కడగడం రెండు రోజుల పని. సామాను మూటలు కట్టి వరండాలో పెట్టాక, మొదటి రోజు పైపని. చీపురుకి గుడ్డ కట్టి బూజులు దులపడం, ఫ్యాను రెక్కలు తుడవడం, మేకులు పీకిన కన్నాల్లో సున్నం ముద్ద కూరి వేలితో నున్నగా రాయడం. క్యాలెండర్లు వేలాడిన చోట గోడ తెల్లగానూ, చుట్టూ పసుపు రంగుగానూ ఉండేది. అక్కడ పలచటి సున్నం గుడ్డతో అద్ది మొత్తం ఒకే రంగుకి తెచ్చింది అమ్మ. నేను చిన్నప్పుడు తలుపుకి అంటించిన బొమ్మల కాగితాలని పాత బ్లేడుతో గీకి, మిగిలిన జిగురుని కిరసనాయిలుతో తీసింది. "మనం ఇక్కడ ఉన్నామని తెలియకూడదా ఏంటి?" అన్నాను. "తెలియకూడదు" అంది అమ్మ.

రెండో రోజు పొద్దున్నే విజయ పిన్ని వచ్చింది. పిల్లలిద్దర్నీ చర్చి దగ్గర పాస్టరమ్మకి అప్పగించి, స్కూలుకి సెలవు పెట్టి వచ్చింది. వస్తూనే చీర కుచ్చిళ్ళు పైకి దోపి, కొంగు నడుముకి చుట్టి, కొబ్బరి పీచు అందుకుంది. అమ్మకి ఒక పద్ధతుంది, ముందు హాలు, తర్వాత గదులు, ఆఖరికి వంటిల్లు. వంటిల్లు ఆఖరెందుకంటే బయల్దేరే దాకా అందులో టీలూ అన్నాలూ కావాలి. పిన్ని ఒప్పుకోలేదు. "మా వైపు ఇంట్లోకి నీళ్ళొస్తే లోపలి గది నుంచి మొదలెట్టి బయటికి తోసుకుంటూ వస్తామక్కా. మీరు గుమ్మంలో మొదలెడితే బురద లోపలికి పోదూ?"

"ఇక్కడ బురదెక్కడుంది విజయా? శనివారం శనివారం కడిగిన ఇల్లు."

"అయితే మళ్ళీ ఎందుక్కడగడం?" అంది పిన్ని. నాకు ఆవిడ ఆ క్షణంలోనే నచ్చింది.

చివరికి పిన్ని లోపలి గదుల నుంచీ, అమ్మ హాలు నుంచీ మొదలుపెట్టి మధ్య గుమ్మంలో ఎదురుపడ్డారు. అక్కడ కాసేపు నీళ్ళు ఎవరివైపు తోయాలని తగువు. నేను బోరింగు కొట్టి బకెట్లు మోసేదాన్ని. నాన్న లారీ మాట్లాడి వస్తానని పొద్దున వెళ్ళి, మేము పని మధ్యలో ఉన్నామని తెలిసి, మధ్యాహ్నం దాటేదాకా మాట్లాడుతూనే ఉండిపోయారు. పిన్ని చేతి కింద ఎర్ర గచ్చు తడి ఆరాక కూడా మెరిసింది. గది గోడ దగ్గర నిలబడి, కిటికీ వైపు చూసి, "ఇక్కడ పెద్దదాని బల్ల వేస్తే వెలుతురొస్తుంది కదక్కా" అంది. అమ్మ ఇంకో గుప్పెడు సోడా బకెట్లో వేసింది.

మధ్యాహ్నం దాటాక, హాలూ గదులూ పూర్తయి, వంటిల్లు ఒక్కటే మిగిలిందనగా కాంతమ్మ గారు వచ్చారు. అన్నేళ్ళలో మొదటిసారి గడప దాటి లోపలికి వచ్చారు. సామాను లేని ఇల్లు కాబట్టి వచ్చారేమో. హాలు చూశారు, గోడలు చూశారు, క్యాలెండరు మచ్చ కోసం వెతికారు, దొరకలేదు. ఆవిడ మొహంలో నిజంగానే ఆశ్చర్యం కనబడింది. అప్పుడే లోపలి గదిలోంచి విజయ పిన్ని తడిచేతులతో, మోకాళ్ళ దాకా చీర దోపుకుని, పీచు పట్టుకుని బయటికి వచ్చింది.

"ఎవరండీ ఈ అమ్మాయి, కొత్తమనిషిలా ఉంది?" అన్నారు కాంతమ్మ గారు అమ్మతో. పిన్నివైపు తిరిగి, "చెయ్యి భలే వాటంగా ఉందే నీది. రేపొకసారి మా ఇంటికి కూడా రా అమ్మా, దేవుడి గది తప్ప అన్నీ కడగాలి" అన్నారు.

"రేపు స్కూలుందండి" అంది పిన్ని.

"చదువుకుంటున్నావా?"

"చదువు చెప్తున్నానండి."

నేను నవ్వు ఆపుకోవడానికి గోడవైపు తిరిగాను. అమ్మ చాలా మామూలుగా, "నేను చెప్పాను కదండీ, విజయ టీచరు గారని. ఇంటి కోసం అడిగాను. ఈవిడేనండి" అంది.

కాంతమ్మ గారు కంగారుపడ్డారు. "అయ్యో, తెలీదండి. ఏమనుకోకండి టీచరు గారూ. మీరెందుకండీ ఈ పని" అన్నారు. పిన్ని కూడా "ఫర్లేదండి" అంది. ఇద్దరూ ఒకరికొకరు సర్దిచెప్పుకుంటుంటే, ఇక ఇల్లు వచ్చేసినట్టేనని నాక్కూడా ఒక నిమిషం అనిపించింది. అప్పుడు ఆవిడ అమ్మవైపు తిరిగి అన్నారు.

"ఏం ఉంచారండీ ఇల్లు. మీరు వేరండి. మీలాగా అందరూ ఉంచగలరాండి? అందుకేనండి, మీ తర్వాత ఇంకెవరికీ ఇవ్వబుద్ధి కావట్లేదు. శుద్ధి చేయించి, పసుపునీళ్ళు చల్లించి, కొన్నాళ్ళు ఖాళీగా ఉంచుదామనుకుంటున్నామండి. మా ఆడపడుచు గారబ్బాయి కూడా వస్తానంటున్నాడు."

రెండు రోజులు కడిగిన నేల మీద నిలబడి ఆవిడ ఆ మాటన్నారు. వెటకారం లేదు, కోపం లేదు, మనస్ఫూర్తిగా అన్నారు. నేను ఎన్నాళ్ళుగానో అమ్మకి చెప్పాలని చూస్తున్నది ఆవిడే ఒక్క ముక్కలో చెప్పేశారు. అమ్మ ఎంత బాగా కడిగితే అమ్మ అంత వేరవుతుంది. అమ్మ ఎంత వేరైతే విజయ పిన్ని అంత అందరిలోకీ పోతుంది. ఆ ఇల్లు మెరిసేకొద్దీ పిన్నికి దూరమవుతోంది. మురికిగా వదిలేసి ఉంటే, మురికి మనుషులని ఇవ్వరు. శుభ్రంగా వదిలేస్తే, ఇంత శుభ్రం ఇంకెవరికీ చేతకాదని ఇవ్వరు. ఈ లెక్క నాకు ముందే తెలుసు, కానీ తెలిసినందుకు సంతోషమేమీ కలగలేదు. పిన్ని పీచుని పిండి నీళ్ళు కారుస్తూ, ఎవరి మొహమూ చూడకుండా నిలబడి ఉంది.

అమ్మ చేతిలో బకెట్టుంది, వంటింటికోసం తెచ్చుకున్న కుంకుడు నీళ్ళు. దాన్ని కింద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"అలాగేనండి. మీ ఇల్లు, మీ ఇష్టం" అంది. "కాకపోతే వంటిల్లు ఇంకా కడగలేదండి. లారీ వచ్చేస్తోంది. నేను ఉండలేను. విజయ టీచరు గారు నిదానంగా కడిగి మీకు తాళం ఇస్తారు."

"అబ్బే, ఎందుకండీ ఆవిడకి శ్రమ. మా పనిమనిషి కడుగుతుందిలెండి."

"అయ్యో, అదేం మాటండీ" అంది అమ్మ. మెత్తగా, కాంతమ్మ గారి గొంతు కంటే మెత్తగా. "మేము చేపలు వండుకున్న పొయ్యి గట్టు అండి అది. ఇన్నేళ్ళ నీచు. దాన్ని మీ పనిమనిషి కడిగి, ఆ చేతులతోనే వచ్చి మీ వంటింట్లో గిన్నెలు ముట్టుకుంటుందాండి? నాకు మనసొప్పదండి. మా ఎంగిలి మేమే కడుక్కోవాలి."

తన పట్టింపులన్నీ తీసుకొచ్చి తన చేతిలోనే పెడితే ఎవరైనా ఏమంటారు? కాదంటే పట్టింపు లేదన్నట్టు. పట్టింపు లేదంటే ఇల్లు ఇవ్వకపోవడానికి కారణమే ఉండదు. "అయితే... కడిగాక ఇవ్వండి తాళం" అన్నారు కాంతమ్మ గారు.

"వంటింటి మసి కదండీ, తొందరగా పోదు" అంది అమ్మ.

ఆవిడ వెళ్ళాక అమ్మ పిన్ని చేతిలో తాళంచెవి పెట్టింది. "ఒక్కదానివే ఎందుకు, పిల్లల్ని తోడు తెచ్చుకో" అంది. పిన్ని అమ్మవైపు చూసి, "కడుగుతుంటే టీ కాచుకోడానికి స్టవ్వు కూడా తెచ్చుకోనా అక్కా?" అంది. "తెచ్చుకో. మంచం కూడా తెచ్చుకో, నడుం నొప్పెడితే వాలడానికి" అంది అమ్మ. అప్పుడు ఇద్దరూ నవ్వారు. ఈసారి పిన్ని నవ్వు వేరేగా ఉంది.

లారీ ఎక్కాక, ఊరు దాటి కాలవ గట్టు రోడ్డు మీదికి వచ్చేదాకా నేను ఊరుకున్నాను. "అమ్మా, పొయ్యి గట్టు మీద పొద్దుటి టీ మరకలు కూడా అలాగే ఉన్నాయి" అన్నాను. మా అమ్మ ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు గ్లాసు బోర్లించకపోయినా సగం దారి నుంచి వెనక్కొచ్చే మనిషి. కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఉండనీ" అంది. ఏలూరు వచ్చేదాకా వేళ్ళతో కొంగు చివర నలుపుతూనే ఉంది. మరకలు గుర్తొస్తున్నాయని నాకు తెలుసు.

తర్వాతి సంగతులు పిన్ని ఫోన్లలో చెప్పింది. కాంతమ్మ గారు రోజూ కరివేపాకుకి వచ్చేవారట. "అయిందాండి?" అని అడిగేవారట. "పొయ్యి గట్టు అయిందండి, తూము మిగిలింది" అనేదట పిన్ని. తూము అయితే అలమర, అలమర అయితే నాపరాళ్ళ సందులు. ఈలోగా పిల్లలు వచ్చారు, స్టవ్వు వచ్చింది, మంచం వచ్చింది, ఒక ఆదివారం మొగుడూ ట్రంకుపెట్టెతో దిగాడు. ఒకటో తారీఖున పిన్ని అద్దె పట్టుకెళ్ళి షావుకారు గారికి కొట్లోనే ఇచ్చింది. ఆయన తీసుకుని కౌంటర్లో వేసుకున్నారు. ఇల్లు ఖాళీగా ఉంచాలని ఆయనకెవరూ చెప్పినట్టు లేదు, చెప్పినా వ్యాపారస్తుడు వినే మాట కాదది. పిల్లలు పెరట్లో ఆడుకుంటుంటే పోండని చెప్పడానికి కాంతమ్మ గారికి నోరు రాలేదు. మెత్తగా లేదనడానికైనా ఇల్లు ముందు ఖాళీగా ఉండాలి కదా. పిన్ని ఇంకో పనీ చేసింది. ఎండు మెత్తళ్ళు వండింది. తలుపులు తీసే వండింది. కాంతమ్మ గారు కొన్నాళ్ళు కరివేపాకుకి రాలేదు, తర్వాత వచ్చారు. ఎవరూ చచ్చిపోలేదు. అమ్మ అన్నేళ్ళు ఎవరికోసం నోరు కట్టుకుందో నాకైతే అర్థం కాలేదు. ఆ మాట అమ్మతో అంటే, "నేను కట్టుకోబట్టే అది వండుకుంటోంది" అంది. నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను. మా ఇద్దరికీ ఆ తగువు అలాగే ఉంది.

పైన యంత్రం ఆగాక మెట్లెక్కి వెళ్ళి చూశాను. బాగానే కడిగారు, అబద్ధమెందుకు. నిమ్మకాయ వాసన లాంటిదేదో కొడుతోంది, ఏ నిమ్మచెట్టూ ఎరగని వాసన. ఒకప్పుడు వారం వారం ఒక ఆడమనిషి నడుం విరిగేలా చేసిన పని పూట తిరక్కుండా అయిపోయింది, దానికి నేను ఏడవను. కుంకుడు నురగ మీద నాకు అంత ప్రేమేం లేదు, బకెట్లు మోసింది నేను. కానీ మా ఆయన ఫోనులో ఇల్లు అద్దెకని పెట్టబోతే ఒక గడి వచ్చింది, ఎలాంటివాళ్ళకి ఇస్తారని. శాకాహారులకి మాత్రమే, ఫలానావాళ్ళకి మాత్రమే, వేలు పెట్టి నొక్కడమే. మంచినీళ్ళు ఇచ్చే శ్రమ కూడా తగ్గించేశారు. ఆ గడి ఖాళీగా వదిలేయమన్నాను. వదిలేస్తే ముందుకు పోనివ్వట్లేదన్నాడు. అయితే గేటుకి టు-లెట్ అట్ట కట్టమన్నాను, కట్టాడు.

విజయ పిన్ని ఆ గూడెం ఇంట్లో పిల్లలిద్దరి డిగ్రీలూ అయ్యేదాకా ఉంది. కాంతమ్మ గారు పోయాక ఇల్లు కోడలి చేతికొచ్చింది. బాగా చదువుకున్న పిల్ల, పిన్నిని మేడమ్ అనేది. చివరికి పిన్ని కైకలూరు దగ్గర సొంతిల్లు కట్టుకుని ఖాళీ చేసే రోజు అమ్మకి ఫోను చేసింది. అమ్మకి చెవి సరిగ్గా వినపడక స్పీకరు పెట్టాను.

"సామానంతా కట్టేశానక్కా. కుంకుళ్ళు నానబోశాను, ఇక కడగడం మొదలెట్టాలి."

"పెదవేగి నుంచి నర్సొకామె వచ్చిందన్నావే, పిల్లాడితో. ఇల్లు దొరికిందా?"

"ఎక్కడక్కా. ఈ ఇల్లే అడిగింది. ఖాళీ అయ్యాక చూసి చెప్తానంది మా ఓనరమ్మాయి."

అమ్మకి ఎదురుగా గోడమీద ఏదో మరక ఉన్నట్టుంది, దాన్నే చూస్తోంది.

"వంటిల్లు కడక్కు" అంది.